అన్నీ తెలిసినా తీర్పు చెప్పని ఊరు

అమెరికన్ ప్రేమ నవలల్లో ‘స్మాల్ టౌన్ రొమాన్స్’ అని ఓ ప్రత్యేకమైన శాఖ ఉంది. ఇందులో కథ దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. నగరంలో బతుకు చెదిరిపోయిన మనిషి, ఎక్కువగా స్త్రీ, తనను ఎవరూ ఎరగని ఓ చిన్న ఊరికి చేరుతుంది. వచ్చిన పూటే తిరిగి వెళ్ళిపోవాలనుకుంటుంది. ఏదో అడ్డం వచ్చి ఆగిపోతుంది. ఆ ఊళ్ళో బారో, బేకరీయో, గుర్రాల శాలో నడుపుకుంటున్న మగవాడొకడు ఉంటాడు. చివరికి ఆ ఇద్దరూ ఒకటవుతారు. ఈ సంగతంతా అట్ట చూడగానే తెలిసిపోతుంది. అయినా పాఠకులు అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని చదువుతారు. పూర్తికాగానే అదే ఊరి మీద వచ్చిన తర్వాతి పుస్తకం వెతుక్కుంటారు.

దీన్ని కాలక్షేపమనో పలాయనమనో కొట్టిపారేయడం తేలిక. పారిపోవడమే అనుకున్నా, ఎక్కడినుంచి ఎక్కడికి పారిపోతున్నారని అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు. ఈ నవలల్లో పాఠకులు ప్రియుడికంటే ముందు వెతుక్కునేది ఊరిని. మనిషి గురించి అన్నీ తెలుసుకుని కూడా ఆ మనిషి మీద తీర్పు చెప్పని ఊరిని. తెలుగువాళ్ళకు ఈ కథలు ఒకపక్క ఎంతో దగ్గరగా, మరోపక్క పూర్తిగా కొత్తగా అనిపించడం కూడా ఇందువల్లే.

ముందుగా, ముగింపు తెలిసిన కథ సంగతి. 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ప్రేమ నవలకు రెండే లక్షణాలు చెప్పింది. కథకు కేంద్రం ప్రేమ కావాలి. ముగింపు మనసుకు తృప్తినిచ్చి, ఆశ మిగల్చాలి. రెండోది లేకపోతే ఎంత గొప్ప ప్రేమకథ అయినా ఈ శాఖలోకి రాదు. బయటివాళ్ళకు ఇది లోపంగా కనిపిస్తుంది, అలవాటైన పాఠకులకు మాత్రం ఇదే భరోసా. సీతాకల్యాణం హరికథకు కూర్చున్నవాళ్ళెవరూ విల్లు విరుగుతుందో లేదో అని కంగారుపడరు. విరిచే ముందు దాసుగారు ఎంతసేపు ఊరిస్తారో, మధ్యలో ఏ పిట్టకథ ఎత్తుకుంటారో చూద్దామని కూర్చుంటారు. ముగింపు మీద దిగులు లేనప్పుడు ధ్యాస చిన్న చిన్న విషయాల మీదికి పోతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఏ మాట నోటిదాకా వచ్చి ఆగింది, కాఫీలో పంచదార ఎంత వేసుకుంటుందో అతనికి ఎప్పటికి గుర్తుండిపోయింది. ఈ శాఖలో మంచి నవలకూ నాసిరకం నవలకూ తేడా ఇలాంటి చోట్లే తెలుస్తుంది.

రాబిన్ కార్ రాసిన ‘వర్జిన్ రివర్’ను తీసుకుంటే ఈ శాఖ పనితీరు స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి నవల 2007లో వచ్చింది. అదే ఊరి మీద ఇప్పటికి 20కి పైగా పుస్తకాలు వచ్చాయి. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా మొదలైంది కాబట్టి తెలుగు ప్రేక్షకుల్లోనూ చాలామందికి ఆ పేరు తెలుసు. ఊరు కల్పితం. ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కొండల్లో ఉన్నట్టు రచయిత్రి ఊహించింది. మెల్ మన్రో లాస్ ఏంజిలస్‌లో పనిచేసిన నర్సు, కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ ఉన్న మనిషి. నవలలో ఆమె భర్త ఎమర్జెన్సీ డాక్టరు. ఒక దుకాణంలో జరిగిన దోపిడీలో చనిపోతాడు. ఆ దుఃఖం నుంచి దూరంగా వెళ్ళాలని ఆమె ఈ కొండ ఊళ్ళో ఉద్యోగానికి ఒప్పుకుంటుంది. వచ్చి చూస్తే ఉండమన్న ఇల్లు పాడుబడి ఉంది. ముసలి డాక్టరేమో తనకు ఎవరి సాయమూ అక్కర్లేదంటాడు. పొద్దున్నే తిరుగు ప్రయాణం అనుకుంటుంది. తెల్లవారేసరికి డాక్టరు ఇంటి వరండాలో ఎవరో వదిలి వెళ్ళిన పసికందు. మెల్ ఆగిపోతుంది.

ఆమెను ఆపింది అందగాడు కాదు, పని. ఈ శాఖ గురించి రాసేవాళ్ళు తరచు వదిలేసే విషయమిది. తన చేతిలో ఉన్న విద్య ఈ ఊరికి అవసరమని తెలియడం, ఆ అవసరాన్ని కళ్ళారా చూడటం ఆమెను ముందుగా కట్టిపడేస్తాయి. జాక్ షెరిడన్ తర్వాత వస్తాడు. అతను మెరైన్ దళంలో పనిచేసి రిటైరయ్యి, ఈ ఊళ్ళో బార్ పెట్టుకున్నాడు. బార్ అంటే తెలుగు సినిమాలో కనిపించే చీకటి గది కాదు. ఊరందరూ భోంచేసే చోటు, కబుర్లు తెలిసే చోటు, పిల్లలు కూడా వచ్చే చోటు. మెల్ ఉండాల్సిన ఇంటిని జాక్ తన చేతులతో బాగుచేస్తాడు. ప్రేమలేఖలు, పాటలు, గులాబీలు ఇవ్వలేని ఆనందం పాఠకులకు ఆ మరమ్మతు పనులు ఇస్తాయి. ఒక మనిషి మరో మనిషి కోసం ఊడిన తలుపు బిగించడం, ఈ నవలల్లో అంతకు మించిన ప్రేమ ప్రకటన అరుదు.

ప్రేమ నవల నిర్మాణం మీద పమేలా రెజిస్ అనే అమెరికన్ విమర్శకురాలు 2003లో ఒక పుస్తకం రాసింది. ప్రతి ప్రేమ నవలలోనూ ఎనిమిది అంశాలు ఉంటాయని ఆమె ప్రతిపాదన. కథ జరిగే సమాజం ఎలాంటిదో చూపించడం, ఇద్దరూ కలవడం, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ చెప్పుకోవడం, అంతా అయిపోయిందనిపించే ఘట్టం, అడ్డంకి తొలగించే గ్రహింపు, చివరికి ఒకటవడం. వరస మారొచ్చు కానీ ఏదీ తప్పిపోదంటుంది. సంప్రదాయ ప్రేమ నవలలో మొదటి అంశమే మూడోదాన్ని పుట్టిస్తుంది. అంటే సమాజంలో ఉన్న లోపమే ప్రేమకు అడ్డంకి. ఆస్తి, హోదా, వంశం, పుకారు. ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1814లో, నవల రాస్తున్న మేనకోడలు అన్నాకు ఉత్తరం రాస్తూ, పల్లెటూళ్ళో మూడు నాలుగు కుటుంబాలు ఉంటే అంతకంటే మంచి సరుకు లేదని చెప్పింది. చిన్న ఊరి కథకు ఆ మాట ఇప్పటికీ పునాదే. అయితే ఆస్టిన్ ఊళ్ళలో ఆ మూడు నాలుగు కుటుంబాలు ఎవరి పెళ్ళి ఎవరితో కావాలో లెక్కగట్టేవి. ఎవరికి ఎంత రాబడి ఉందో అందరికీ కంఠతా వచ్చు.

నేటి స్మాల్ టౌన్ రొమాన్స్ ఇక్కడ పెద్ద మార్పు చేసింది. సమాజాన్ని అడ్డంకి స్థానం నుంచి తప్పించి సాయం చేసే స్థానంలో కూర్చోబెట్టింది. మరి అడ్డంకి ఏమైంది? మనుషుల లోపలికి పోయింది. చనిపోయిన భర్తను మరిచిపోతున్నానేమో అన్న అపరాధ భావం మెల్‌ది. యుద్ధం నుంచి వెంట వచ్చిన జ్ఞాపకాలు జాక్‌వి. ఈ ఇద్దరి పెళ్ళికి ఊళ్ళో ఒక్కరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా వాళ్ళ మనసుల్లోనే. ఊరు వాళ్ళ చుట్టూ చేరి వేడివేడి సూపు తెచ్చిపెడుతూ, వేళాకోళమాడుతూ, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తూ ఉంటుంది.

తెలుగు పాఠకుల మనసు చివుక్కుమనేది ఈ చోటే.

తెలుగు చిన్న ఊరు ఎలా పలకరిస్తుందో అందరికీ అనుభవమే. అద్దెకు ఇల్లు అడిగితే తాళం తీయకముందే మూడు ప్రశ్నలు: మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి, మీవాళ్ళేం చేస్తుంటారు. ఆ మూడింటితో కులం తేలిపోతుంది. ఆపైన పలకరింపు ఏ మోతాదులో ఉండాలో నిర్ణయమైపోతుంది. ఏ పిల్లయినా బస్టాండులో ఎవరితోనో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడితే, ఆ పిల్ల ఇంటికి చేరేలోపే కబురు చేరుతుంది. నలుగురి నోళ్ళలో పడటం అనే మాటలో ఉన్న భయం అంతా ఇంతా కాదు. ఆ భయం కథల్లో మాత్రమే ఉందనుకోవడానికీ లేదు. కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి 2018లో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే, ఆసుపత్రి బయట నరికి చంపారు. ఆ వార్త చదివిన కళ్ళతో వర్జిన్ రివర్ చదివితే, ‘ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది’ అన్న వాక్యం దగ్గర గుండె ఒక్కసారి ఆగుతుంది. తర్వాతి పేజీలో ఏ ఉపద్రవమూ రాదు. మర్నాడు పొద్దున ఎవరో ఆపిల్ పై తెచ్చి గుమ్మంలో పెడతారు, అంతే.

పుకార్ల యంత్రాంగం రెండు చోట్లా ఒకటే. ఆ కొండ ఊళ్ళోనూ జనం చెవులు కొరుక్కుంటారు. ఎవరి బండి ఎవరి ఇంటి ముందు రాత్రంతా ఆగి ఉందో తెల్లవారేసరికి బార్‌లో చర్చకు వస్తుంది. తేడా ఏమిటంటే, ఆ చర్చ వల్ల ఎవరి పరువూ పోదు. మెల్ ఆ ఊరికి ఒంటరిగా వచ్చింది. తండ్రి మాట ఆమె నిలబెట్టాలనో, ఆమె పెళ్ళి మీద చెల్లెలి సంబంధం ఆధారపడి ఉందనో ఎవరూ అనుకోరు. పుకారుకు శిక్ష వేసే అధికారం లేనప్పుడు అది ఉత్త ఆసక్తిగా, ఒక రకమైన వాత్సల్యంగా మిగిలిపోతుంది. తెలుగు పాఠకురాలికి ఈ నవల ఇచ్చే ఆనందంలో పెద్ద వాటా దీనిదే అనిపిస్తుంది. పుట్టి పెరిగిన ఊరి చప్పుళ్ళన్నీ ఉన్నాయి, అరుగు మీది కబుర్లున్నాయి, పక్కింటావిడ ఆరా ఉంది, శిక్ష ఒక్కటే లేదు.

అమెరికన్ పాఠకులు దీన్ని చదివే కోణం వేరు. వాళ్ళకు కొరవడింది ఏకాంతం కాదు, పలకరింపు. 2023లో ఆ దేశపు సర్జన్ జనరల్ (ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారి) ఒంటరితనాన్ని ప్రజారోగ్య సమస్యగా పేర్కొంటూ ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి మనిషి పేరు తెలియకుండా ఏళ్ళు గడిపినవాళ్ళకు, తన పేరు, తన దుఃఖం, తను తాగే కాఫీ తెలిసిన ఊరు కల లాంటిది. ఒకే పుస్తకాన్ని ఒకరు పలకరింపు కోసం, ఇంకొకరు తీర్పు లేని పలకరింపు కోసం చదువుతున్నారు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, అక్కడి పబ్లిక్ లైబ్రరీ నుంచి ఈ నవలలు తెచ్చుకుని చదివే తెలుగు స్త్రీలకు బహుశా రెండూ కావాలి. ఊరు వదిలేశాక ఆ తీర్పూ పోయింది, ఆ పలకరింపూ పోయింది.

జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక పట్టణానికి స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టి, అక్కడ ప్రేమ నవలలు విరివిగా చదివే స్త్రీలతో ఆమె మాట్లాడింది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఆ సమయం తమదేనని, భర్తా పిల్లలూ కాస్త ఆగాల్సిందేనని వాళ్ళు చెప్పారు. ఇంట్లో అందరి బాగోగులూ చూసే మనిషి బాగోగులు చూసేదెవరు అన్న ప్రశ్నకు నవలలో హీరో జవాబుగా నిలుస్తాడని రాడ్వే విశ్లేషణ. చిన్న ఊరి నవల ఆ పని ఒక్క హీరోకే వదలకుండా ఊరంతటికీ పంచిందని చెప్పుకోవచ్చు. దీని మూలంగా హీరో మీద బరువు తగ్గింది. అతను కోటీశ్వరుడు కానక్కర్లేదు, ఆమెను ప్రపంచం నుంచి కాపాడక్కర్లేదు. ఒకప్పటి తెలుగు వారపత్రికల సీరియళ్ళలో కారూ బంగళా ఉన్న ఆరడుగుల అందగాడు ఒంటిచేత్తో చేసిన పనిని ఇక్కడ వంటవాడు, ముసలి డాక్టరు, పోస్టాఫీసు ఆవిడ, పక్కింటి పెద్దామె తలా కాస్త చేస్తారు.

ఈ చుట్టుపక్కల మనుషులే పాఠకుల్ని తర్వాతి పుస్తకానికి లాక్కెళ్తారు. మొదటి నవలలో జాక్ బార్ వంటింట్లో మౌనంగా నిలబడ్డ ప్రీచర్ రెండో నవలకు హీరో. భర్త కొట్టే దెబ్బల నుంచి చిన్న కొడుకును తీసుకుని పారిపోయి వచ్చిన పెయిజ్ వర్షపు రాత్రి ఆ బార్ తలుపు తడుతుంది. వంటవాడు ముందు పిల్లవాడికి తిండి పెడతాడు. గృహహింస లాంటి బరువైన విషయాన్ని ఈ శాఖ ఉపన్యాసం లేకుండా ఎలా అందుకుంటుందో చూడాలంటే ఆ నవల చదవాలి. మొదటి జంట అందులో పక్కన ఉంటుంది. వాళ్ళ కాపురం ఎలా సాగుతోందో తెలుస్తూనే ఉంటుంది. ‘ఆ తర్వాత సుఖంగా ఉన్నారు’ అని చెప్పి వదిలేయకుండా, సుఖంగా ఉండటాన్ని పుస్తకం తర్వాత పుస్తకంలో చూపించే వెసులుబాటు ఈ శాఖకు ఉన్నంతగా మరోదానికి లేదు. అందుకే ఈ వరసను మధ్యలో కాకుండా మొదటినుంచి చదివితేనే పూర్తి రుచి తెలుస్తుంది.

కల్పిత ఊళ్ళు బయటి ప్రపంచంలోకి కూడా వచ్చాయి. ప్రేమ నవలల రచయిత్రి డెబీ మాకంబర్ సృష్టించిన సీడర్ కోవ్ అనే ఊరికి మూలం వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్చర్డ్ పట్టణం. 2009లో ఆ పట్టణం నవలలోని ఊరి పేరుతోనే పాఠకులకు ఉత్సవం జరిపింది. మేరీలాండ్‌లోని బూన్స్‌బరోలో మరో ప్రేమ నవలల రచయిత్రి నోరా రాబర్ట్స్ ఒక పాత సత్రం భవనాన్ని బాగు చేయిస్తుండగా 2008లో అది అగ్నిప్రమాదానికి గురైంది. మళ్ళీ కట్టించి 2009లో తెరిచింది. గదులకు సాహిత్యంలో సుఖాంతమైన జంటల పేర్లు పెట్టింది. తర్వాత ఆ సత్రాన్నే నేపథ్యంగా చేసుకుని మూడు నవలలు రాసింది.

ఇంత ప్రేమగా చెప్పుకున్నాక, ఈ నవలలు దాచిపెట్టేవాటి గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. అమెరికా గ్రామీణ పట్టణాల్లో ఆసుపత్రులు ప్రసూతి విభాగాలు మూసేస్తున్నాయి. తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పనిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ 2024 నివేదిక ప్రకారం ఆ దేశంలో మూడో వంతుకు పైగా కౌంటీలలో ప్రసూతి వైద్య సదుపాయమే లేదు. ఆ వెలుగులో చూస్తే, కొండ ఊరికి కాన్పులు చేసే నర్సు రావడం ఎంతటి కోరికో తెలుస్తుంది. కానీ ఈ శాఖలోని చాలా నవలలు ఆ కొరతకు కారణాల జోలికి పోవు. ఉన్ని దారాల దుకాణానికి అద్దె ఎలా కడుతున్నారో, రోజుకు పదిమంది వచ్చే బేకరీ ఎలా నిలబడిందో అడగకూడదు. ఫ్యాక్టరీ మూతపడిన ఊరు, మత్తుమందుల పాలైన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మాత్రమే కనిపిస్తారు. రాబిన్ కార్‌కు ఈ విషయంలో కొంత మినహాయింపు ఇవ్వాలి. ఆమె అడవుల్లో గంజాయి పెంచేవాళ్ళూ ఉన్నారు, తుపాకులూ ఉన్నాయి.

అంతకంటే పెద్ద మౌనం రంగు గురించి. చాలాకాలం ఈ ఊళ్ళలో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. తీర్పు చెప్పని ఊరు అనుకున్నది, తీర్పు చెప్పాల్సిన అవసరం రాని మనుషులనే ముందుగా ఏరి పెట్టుకున్న ఊరేమో అన్న అనుమానం న్యాయమైనదే. నిజమైన చిన్న ఊళ్ళు అమెరికాలో కూడా చర్చిని బట్టి, చర్మాన్ని బట్టి, ఎవరు ఎవర్ని ప్రేమించారన్నదాన్ని బట్టి మనుషుల్ని వెలివేశాయి. దీనికి లోపలినుంచే వచ్చిన గట్టి జవాబు నల్లజాతి రచయిత్రి బెవర్లీ జెన్కిన్స్ 2009లో మొదలుపెట్టిన నవలల వరస. ఆమె ఊరు కాన్సాస్‌లోని హెన్రీ ఆడమ్స్. బానిసత్వం ముగిశాక దక్షిణాది నుంచి తరలివచ్చిన నల్లజాతివాళ్ళు కట్టుకున్న ఊరు. అలాంటి నిజమైన ఊరు, 1877లో ఏర్పడిన నికోడెమస్, కాన్సాస్‌లో ఇప్పటికీ ఉంది. జెన్కిన్స్ కథలో, విడాకులు తీసుకున్న ఓ ధనవంతురాలు దివాలా తీసిన ఆ ఊరిని కొని, కన్నవాళ్ళ దగ్గర పెరగలేని పిల్లలకు ఇళ్ళు ఏర్పాటు చేస్తుంది. ఇక్కడ ఊరి ఆప్యాయతకు చరిత్ర ఉంది. బయట తీర్పు మరీ కఠినంగా ఉండబట్టే లోపల ఒకరినొకరు కాచుకోవడం నేర్చుకున్న జనం వాళ్ళు. ఈ శాఖ మీద అపనమ్మకం ఉన్నవాళ్ళు అక్కడినుంచి మొదలుపెట్టడం మంచిది.

మరి తెలుగులో ఇలాంటి నవల సాధ్యమా? ప్రతిలిపి లాంటి వేదికల మీద తెలుగు ప్రేమ సీరియళ్ళకు పాఠకులకు కొదవలేదు, కాబట్టి గిరాకీ గురించి సందేహం అక్కర్లేదు. చిక్కల్లా ఊరితోనే. కులం ఊసెత్తని తెలుగు ఊరు రాస్తే అది అబద్ధం అవుతుంది, పాఠకులు మొదటి పేజీలోనే నమ్మరు. కులాన్ని అడ్డంకిగా పెడితే కథ మళ్ళీ పాత దారిలోకి, పరారీకో పగలకో పోతుంది. మధ్యేమార్గం ఒకటి లేకపోలేదు. తరాలుగా పాతుకుపోయిన ఊళ్ళను వదిలి, తలా ఒక చోటునుంచి వచ్చి చేరిన ఊళ్ళను ఎంచుకోవడం. గుంతకల్లు, కాజీపేట లాంటి రైల్వే జంక్షన్లు, కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లు, రామగుండం విద్యుత్ కేంద్రం కాలనీలు. అక్కడ కులం పోలేదు కానీ, పొద్దున డ్యూటీలు, రాత్రి షిఫ్టులు, పక్కింటివాళ్ళకు తాళాలు అప్పగించి ఊళ్ళకెళ్ళడాలు దాని పట్టును కొంత సడలించాయి. ఏ ఊరివాళ్ళమన్నది అందరికీ చెప్పుకునే సంగతే, ఎందుకంటే ఎవరూ ఆ ఊరివాళ్ళు కాదు.

అలాంటి చోట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కాన్పులు చేసే నర్సొకామె బదిలీ మీద వస్తుందనుకుంటే, రచయిత దాటేయకూడనిది ఆ ఇంటిపేరు ప్రశ్ననే. ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ అది అడిగి తీరుతుంది. నర్సు ఏం చెబుతుందో, విన్న తర్వాత ఆవిడ తాళంచెవి ఇస్తుందో లేదో, ఇవ్వకపోతే ఆ వీధిలో ఇంకెవరు తలుపు తీస్తారో, మొదటి అధ్యాయమంతా దాని మీదే నడవాలి. హీరో రెండో అధ్యాయంలో వచ్చినా ఆలస్యమేమీ కాదు.